కడుపులో మాట

తెలుగు భాషలో 'కడుపు' అను మాటకున్న వైశాల్యము మరి ఏ అవయవమును దెలుపు మాటకును లేదు. ఆకలికి కడుపే నెలవు. బిడ్డ కడుపున పుట్టును. బిడ్డ పోయిన దుఃఖము కడుపుకోత, బిడ్డపై మమకారము కడుపుతీపి, ఓర్వలేనితనము కడుపుమంట. నోట రానీయక దాచుకొన్నది కడుపులో మాట. జీర్ణాశయమునకు ఒక పేరు, గర్భాశయమునకు ఒక పేరు పెట్టుట శాస్త్రము పని. తెలుగు ఇల్లాలు రెండింటికిని ఒకే మాట చాలుననుకొన్నది. ఇన్ని బరువులు మోసిన ఈ మాటయే 60 ఏండ్లు దాటిన ఒక స్త్రీ నోట "కడుపులో మంచిగ లేదు" అని వెలువడినప్పుడు వినువారికి తేలికయై పోవుచున్నది. ఖమ్మము నుండి భద్రాచలము దాకా, గోదావరి దాటి దుమ్ముగూడెము, చర్ల అడవుల దాకా, ఆమెకు తరచుగా లభించు సమాధానము ఒక్కటే: "గ్యాసు."

గ్యాసు అనునది వ్యాధి పేరు కాదు. వ్యాధి పేరువలె వినిపించు ఒక ఊరడింపు. పేరు పెట్టితినను తృప్తి చెప్పినవానికిని, పేరు తెలిసినదను తృప్తి విన్నవారికిని కలుగును. నొప్పి మాత్రము ఉన్నచోటనే ఉండును.

అడవి అంచు పల్లెలలో ఈ కథ ఎట్లు నడచునో అక్కడ పనిచేయు ఉపాధ్యాయులెరుగుదురు. మొదట వాము, ఇంగువ, సోడా. పిమ్మట మోటారు సైకిలుపై వచ్చు ఆర్.ఎం.పి. డాక్టరు ఇచ్చు మాత్రలు, ఒక సూది. తగ్గినట్లే తగ్గి మరల మొదలగును. ఇరుగుపొరుగువారు 'పెట్టుడు మందు' అందురు. గిట్టనివారెవరో అన్నములో మందు పెట్టినారనియు, అది కడుపులో గడ్డకట్టినదనియు నమ్మకము. దానిని కక్కింతుమని చెప్పి డబ్బు తీసికొనువారికి తెలంగాణమున కొదవ లేదు. కోయగూడెమైనచో వడ్డె వచ్చి వేల్పుల మాట చెప్పును. ఇంతలో ఇప్పపూవు రాలు కాలము వచ్చును. అది ముగియగనే తునికాకు కోత. ఆ కూలి వదలుకొని ఆసుపత్రికి పోవుట ఆమె తలపునకే రాదు. వంగి ఆకు కోసినందువల్లనే కడుపు లాగుచున్నదని తనకు తానే నిర్ణయించుకొనును. తరువాత వానకాలము, వాగులు పొంగును. 2022 జులైలో భద్రాచలము వద్ద గోదావరి 71 అడుగులు దాటినప్పుడు దారులు మునిగి ఎన్ని ఊళ్ళు విడివడినవో ఆ ప్రాంతము మరువలేదు. నొప్పి వరద తీయుటకై ఆగదు.

చివరకు భద్రాచలము ఏరియా ఆసుపత్రి. అక్కడినుండి కొత్తగూడెమో ఖమ్మమో. అక్కడను తేలనిచో వరంగల్లు, లేదా సుమారు 300 కిలోమీటర్ల దూరముననున్న హైదరాబాదు. ప్రతిచోటను కథ మొదటికి వచ్చును. చేతిలో ప్లాస్టిక్ సంచి. అందులో పాత చీటీలు, అంచులు నలిగిన ఎక్స్‌రే. "ఎన్ని రోజులనుంచి అవ్వా?" అని అడుగుదురు. "శానా రోజులాయె బిడ్డా" అనును. "ఎక్కడ నొప్పి?" అన్న ప్రశ్నకు ఆమె అరచేతితో కడుపంతయు చుట్టి చూపును. వెనుక నిలిచిన కొడుకు "గ్యాసు సార్" అని తానే సమాధానమిచ్చును. అంతతో ఆ సంభాషణ ముగియును.

ఈ ప్రయాణమునకు ఈ ప్రాంతమున మరొక చిక్కు కూడ కలదు. భద్రాచలము పట్టణమునకు ఆనుకొనియున్న ఎటపాకలో పుట్టి పెరిగిన ఒక వృద్ధురాలిని తలచుకొనవచ్చును. ఆమె బాల్యమున ఊరు తూర్పు గోదావరి జిల్లాలోనిది. 1959లో ఖమ్మము జిల్లాలోనికి వచ్చినది. 2014లో పోలవరము ముంపు మండలాలతోపాటు ఆంధ్రప్రదేశమునకు పోయి మరల తూర్పు గోదావరి అయినది. 2022లో అల్లూరి సీతారామరాజు జిల్లాలో చేరినది. ఆమె ఇల్లు కదలలేదు. కన్నులకెదురుగా కనుపించు పట్టణములోని ఆసుపత్రి మాత్రము వేరు రాష్ట్రమైనది. ఏ రాష్ట్రపు కార్డు ఏ ఆసుపత్రిలో చెల్లునో అడిగి తెలిసికొనుట కడుపునొప్పిగల మనిషికి అదనపు పని.

దూరము, డబ్బు, దారి, ఇవన్నియు నిజమైన అడ్డంకులే. కాని వీటికి ముందే నిలిచిన అడ్డంకి మాటది. 'కడుపు చించుకొంటే కాళ్ళమీద పడుతుంది' అను సామెతను తెలుగు ఆడపిల్ల ఊహ తెలిసిననాటినుండి వినును. ఇంటిగుట్టు బయటపెట్టవలదని చెప్పిన ఆ సామెతను ఆమె తన దేహమునకును అన్వయించుకొన్నది. పొత్తికడుపు మాట కొడుకు ముందు చెప్పుట ఎట్లు? మూత్రము మాటిమాటికి వచ్చుచున్నదని, ముట్లుడిగిన ఎన్నో ఏండ్లకు మరల రక్తము కనబడినదని మగ డాక్టరుతో చెప్పుట ఎట్లు? ఈ రెండవది ఒక్కసారి కనబడినను పరీక్ష చేయింపక వదలరాదని వైద్యులు నొక్కి చెప్పుదురు. ఆమెయో, అది కోడలికైనను తెలియనీయదు. 1885లో మద్రాసు నగరమున మేరీ షార్లీబ్ అను వైద్యురాలు ఘోషా స్త్రీలకై ప్రత్యేకముగా ఆసుపత్రి పెట్టించుటకు కారణము ఈ సంకోచమే. ఆ పరదా పోయి ఎన్నో దశాబ్దములైనది. నాలుకమీది పరదా ఇంకను పోలేదు.

నిజమునకు ఆమెకు మాటల కొరత లేదు. కడుపునొప్పిని చెప్పుటకు తెలుగుపల్లెలో ఉన్నన్ని మాటలు వైద్యశాస్త్ర గ్రంథములలో కూడ ఉండవేమో. మంట వేరు, పోటు వేరు, సలుపు వేరు. మెలిపెట్టుట ఒకటి, గుంజుట ఒకటి, దేవుట మరొకటి. ఉబ్బరము, బరువు, బిగువు అను మూడును ఒకటి కావు. పొట్టమూతి, డొక్క, బొడ్డుచుట్టు, పొత్తికడుపు, గజ్జ అని చోటును సూటిగా చెప్పు మాటలు కలవు. మలేరియా పదే పదే వచ్చి ప్లీహము పెరిగినప్పుడు దానిని 'కడుపులో బల్ల' అన్నారు. చేయి పెట్టి చూచినప్పుడు గట్టిగా, చదునుగా తగులు ఆ వాపునకు ఇంతకన్న చక్కని పేరు మరొకటి లేదు. ఆ పేరు పెట్టినది పండితుడు కాదు. జ్వరపడిన బిడ్డ కడుపు తడిమిన ఏ తల్లియో అయియుండును.

ఈ మాటలలో ఒక్కొక్కటి ఒక్కొక్క దారి చూపును. ఆకలివేళ పొట్టమూతిలో మంట పుట్టి రెండు ముద్దలు తినగనే తగ్గినచో పేగుపూత కావచ్చును. మోకాళ్ళ నొప్పులకని దినదినము మింగు మాత్రలు ఆ పూతను తెచ్చునని వృద్ధులకు చాలమందికి తెలియదు, చెప్పువారును తక్కువ. కొవ్వు తిన్న రాత్రి కుడి డొక్కలో పోటు లేచి కుడిరెక్క వెనుకకు పాకినచో పిత్తాశయములోని రాళ్ళను అనుమానింపవలెను. కట్టె మోపు మోసినప్పుడు, గట్టు ఎక్కునప్పుడు పొట్టమూతి బిగబట్టి చెమటలు పోసినచో అది కడుపు జబ్బు కాదు, గుండె జబ్బు కావచ్చును. స్త్రీలలో, వృద్ధులలో గుండె తన బాధను కడుపు భాషలో చెప్పుకొనుట అరుదు కాదు. సాయంకాలపు జ్వరము, రాత్రి చెమటలు, ఒళ్ళు చిక్కి కడుపు మాత్రము ఉబ్బుట క్షయ లక్షణములు. క్షయ ఊపిరితిత్తులకే వచ్చుననుకొనుట పొరపాటు. అది పేగులకును, కడుపులోపలి పొరకును వచ్చును. నాలుగు ముద్దలకే కడుపు నిండుట, చీర ముడి దిగి దిగి కట్టవలసివచ్చుట, మూత్రము ఆపుకొనలేకపోవుట, పొత్తికడుపులో తీరని బరువు, ఈ నాలుగును కొత్తగా మొదలై వారముల తరబడి వదలకున్నచో అండాశయమును చూడవలెను. ఇన్నింటిని ఒక్క 'గ్యాసు'లో కలిపివేయుట ఊరిలోని వీధులన్నింటికి ఒకే పేరు పెట్టి ఉత్తరము చేరలేదని విచారించుటవంటిది.

పూర్వులు ఈ విషయమున ఇంత తొందరపడలేదు. అష్టాంగహృదయమున వాగ్భటుడు రోగిని పరీక్షించు మార్గములు మూడింటిని చెప్పినాడు: చూచుట, తాకుట, అడుగుట. ఈనాటి యంత్రములన్నియు మొదటి రెండింటికి పొడిగింపులు. మూడవదానికి యంత్రము పుట్టలేదు. చరకసంహితలో గుల్మములను ఐదు విధములుగా విభజించి, అందులో రక్తగుల్మము స్త్రీలకు మాత్రమే కలుగునని వివరింపబడినది. గర్భము కానిది గర్భమువలె తోచి లోకమును భ్రమింపజేయునని, వైద్యుడు రెండింటికి భేదమెరుగవలెనని అందు హెచ్చరిక కలదు. ఆ గ్రంథములోని చికిత్స ఈనాటికి పనికివచ్చునని చెప్పుట ఇక్కడ ఉద్దేశ్యము కాదు. స్త్రీ కడుపులోని వాపు అంతయు ఒకటి కాదని, అడిగి విడదీయవలసినదని గుర్తించిన దృష్టి మాత్రము గౌరవింపదగినది.

ఆ భ్రమ ఎంతటివారినైనను వదలదనుటకు స్కాట్లండులోని గ్లాస్గో నగరమున జరిగిన ఒక సంగతి నిదర్శనము. 1950ల నడుమ అక్కడి ఆచార్యుడు ఇయన్ డొనాల్డు, బాయిలర్ల కర్మాగారములో లోహపు పగుళ్ళను కనుగొను శబ్దతరంగ యంత్రమును మనుష్య దేహముపై ప్రయోగించి చూచుచుండెను. ఒక స్త్రీ కడుపు విపరీతముగా ఉబ్బి, చిక్కి శల్యమైనది. ఎక్స్‌రే తీసిన పెద్దలు అది జీర్ణాశయపు క్యాన్సరనియు, శస్త్రచికిత్సకు అందని స్థితి దాటినదనియు నిశ్చయించినారు. డొనాల్డు యంత్రము పెట్టి చూడగా కడుపు నిండ నున్నది అండాశయమునుండి పెరిగిన నీటితిత్తి అని తేలినది. దానిని తీసివేసినారు, ఆమె బ్రతికినది. 1958లో లాన్సెట్ పత్రికలో ఆయనయు, సహచరులును ప్రకటించిన వ్యాసము ఈనాటి స్కానింగునకు మూలస్తంభము. ఆ వ్యాసము పేరు కడుపులోని గడ్డల పరిశీలనను గూర్చినదే.

ఆశ్చర్యమేమనగా, అట్లు ఒక స్త్రీ కడుపులోని తెలియని గడ్డకు పేరు చెప్పి ప్రసిద్ధికెక్కిన ఆ యంత్రము తెలుగునాట గర్భిణుల యంత్రముగా స్థిరపడిపోయినది. ఆడశిశువులను గర్భముననే చంపుటకు దానిని వాడినందున 1994లో చట్టము చేయవలసివచ్చినది. స్కానింగు గది ముందు 'లింగనిర్ధారణ చేయబడదు' అను పలక తప్పనిసరి అయినది. ఆ పలక క్రింద బల్లపై కడుపుతోనున్న పడుచుల నడుమ 65 ఏండ్ల అవ్వ కూర్చుండుట ఎంత సిగ్గైన పనియో ఊహింపవచ్చును. ఈ వయసులో స్కానింగేమిటని నవ్వువారు ఇంటనే ఉందురు.

నిజమిది: కడుపు పండినంతకాలమే స్త్రీ కడుపునకు లోకములో లెక్క. 2005లో వచ్చిన జననీ సురక్షా యోజన, అదే ఏట గ్రామీణ ఆరోగ్య మిషను క్రింద ఏర్పడిన ఆశా కార్యకర్తల వ్యవస్థ, 2017లో తెలంగాణమున ప్రారంభమైన కే.సీ.ఆర్. కిట్టు, ఇవి ప్రధానముగా తల్లిని, బిడ్డను దృష్టిలో ఉంచుకొన్నవి. వాటివల్ల కాన్పులు ఆసుపత్రులకు చేరినవి; ఆ మేలును కాదనరాదు. 30 ఏండ్లు దాటినవారికి రక్తపోటు, మధుమేహముతోపాటు నోరు, రొమ్ము, గర్భాశయముఖ క్యాన్సర్లకు పరీక్షలు చేయు పథకము కూడ కలదు. 2023 మార్చి 8న తెలంగాణమున 'ఆరోగ్య మహిళ' పేరిట మంగళవారపు వైద్యశాలలు మొదలై, ముట్లుడిగిన స్త్రీల బాధలకును అందు చోటిచ్చినారు. కాని పేరు తెలియని కడుపునొప్పి ఏ గడిలోను ఒదుగదు. 2007లో ప్రారంభమైన ఆరోగ్యశ్రీ వ్యాధుల, శస్త్రచికిత్సల పట్టికపై నడచును. పేరున్న జబ్బునకు పట్టికలో చోటున్నది. ఆ పేరు దొరకుటకు ముందు తిరిగిన నెలలకు, బస్సు టికెట్లకు, పోయిన కూలికి పట్టిక లేదు. 2018లో మొదలై జిల్లాలకు వ్యాపించిన తెలంగాణ డయాగ్నొస్టిక్స్ రక్తపరీక్షలను ఉచితము చేసినది, మంచిదే. ఏ పరీక్ష వ్రాయవలెనో తెలియుటకు ముందు ఎవరో ఒకరు ఆమె మాట వినవలెను గదా.

వినకపోవుట ఈ అడవి ప్రాంతమునకే పరిమితమైన లోపమని తలపరాదు. అమెరికాలో బార్బరా గాఫ్ అను వైద్యురాలు అండాశయపు క్యాన్సరు వచ్చిన 1,725 మంది స్త్రీలను ప్రశ్నించి 2000 సంవత్సరమున ఫలితములు ప్రకటించినది. అంతవరకు ఆ వ్యాధిని లక్షణములు చూపక చంపునదిగా చెప్పుచుండెడివారు. ఆ స్త్రీలలో నూటికి 95 మంది తమకు ముందే బాధలుండెనని చెప్పినారు. వారిలో చాలమందికవి కడుపు బాధలే. మౌనముగా ఉన్నది వ్యాధి కాదన్నమాట. 2011లో బ్రిటనులోని వైద్యప్రమాణ సంస్థ ఒక సూచన వెలువరించినది. 50 ఏండ్లు పైబడిన స్త్రీకి ఉబ్బరము, త్వరగా కడుపు నిండుట, పొత్తికడుపు నొప్పి, మూత్రపు తొందర నెలకు 12 సార్లకు మించి వచ్చుచుండినచో రక్తపరీక్ష చేయవలెను. ఆ వయసులో కొత్తగా పేగుల చికాకు రోగము పుట్టుట అరుదు గనుక, ఆ పేరుతో సరిపెట్టరాదు. చెన్నపట్టణమున ముత్తులక్ష్మీరెడ్డి తన చెల్లెలిని పోగొట్టుకొన్నది ఇట్టి పొరపాటువల్లనే. పెద్దపేగు చివర పుట్టిన క్యాన్సరును జిగట విరేచనములనుకొని మందులిచ్చినారు. ఆ దుఃఖమునుండియే 1954లో అడయారు క్యాన్సరు ఆసుపత్రి పుట్టినది. వైద్యురాలి ఇంటనే ఇట్లు జరిగినప్పుడు గుండాల, కరకగూడెము గూడెములలోని అవ్వ సంగతి వేరుగ చెప్పనక్కరలేదు.

ఇంత చెప్పినందున ప్రతి ఉబ్బరమునకును భయపడవలెనని అర్థము కాదు. కడుపు బాధలలో ఎక్కువభాగము చిన్నవే. వాటికి వాము నీళ్ళే చాలును. పేరు కనుగొనుట భయపెట్టుటకు కాదు, కొన్ని వేళల భయము తీర్చుటకు. కడుపులోపలి పొరకు వచ్చిన క్షయ అచ్చముగా అండాశయపు క్యాన్సరువలె కనబడును: నీరు చేరును, మనిషి చిక్కును, ఆ రక్తపరీక్షలోని సంఖ్య కూడ పెరుగును. క్యాన్సరని నిరాశ చెంది ఇంటికి తెచ్చుకొన్న మనిషి ఆరు నెలల క్షయమందులతో లేచి నడచుట అసంభవము కాదు. ఆ మందులను ప్రభుత్వము ఉచితముగా ఇచ్చుచున్నది. నీటిని గాని, ముక్కను గాని తీసి పరీక్షించినగాని రెండింటికి భేదము తెలియదు. అందుచేత 'ఈ వయసులో ఇంకేమి పరీక్షలు' అని ఇంటివారు చెప్పు మాట దయతో చెప్పినను క్రూరమైనది.

వైద్యులను నిందించుట సులభము. ఏరియా ఆసుపత్రి గది ముందు నిలుచున్న వరుసను చూచినవారెవరును ఆ పని చేయరు. ఒక్కొక్క రోగికి రెండు నిమిషములు దొరకుట కష్టమైనచోట అడుగుట అను మూడవ మార్గము మొదట మూతపడును. ఆ రెండు నిమిషములకు ముందే ఇంటివద్ద చేయదగిన పని కొంత కలదు. అది చదువుకొన్న పిల్లలు చేయగలరు. ఎనిమిదవ తరగతి బాలిక తన అమ్మమ్మ ప్రక్క కూర్చుండి ఒక కాగితముపై వ్రాయవచ్చును. నొప్పి మొదటిసారి ఎప్పుడు వచ్చినది? శానా రోజులనుట కాదు, ఇప్పపూవు ఏరునప్పటికే ఉన్నదా, తునికాకు కల్లము నాటికా, మొన్నటి ముక్కోటి తిరునాళ్ళ తరువాతనా? తినకముందా, తిన్న పిదపనా? రాత్రి నిద్రనుండి లేపుచున్నదా? రవికె వదులైనదా, చీర ముడి బిగువైనదా? మలము నల్లగా ఉన్నదా? ఏయే మాత్రలు మింగుచున్నది? ఇతరుల ముందు చెప్పలేని సంగతి ఏమైన ఉన్నదా? మనుమరాలి చెవిలో అవ్వ చెప్పు మాట కొడుకు ఎదుట చెప్పునది కాదు. ఆ కాగితము డాక్టరు బల్లమీదికి చేరినచో ఎక్స్‌రే చెప్పలేనిది కొంత చెప్పును.

పాఠశాలలలో సెలవు చీటీ వ్రాయుట నేర్పుచున్నారు, సంపాదకునికి లేఖ వ్రాయుట నేర్పుచున్నారు. వైద్యునికి ఇంటి పెద్ద బాధను వివరించి వ్రాయుట ఏ వాచకములోను కనబడదు. తెలుగు ఉపాధ్యాయుడు వ్యాకరణ పాఠము నడుమ ఒక్క గంట దీనికి కేటాయించినచో భాషకు నష్టము లేదు. సలుపునకును పోటునకును భేదము చెప్పగల విద్యార్థికి పర్యాయపదములు వేరుగా బోధింపనక్కర లేదు.

గోదావరికి ఇరుప్రక్కల గూడెములలో ఈ పని ఇంకొక మెట్టు లోతైనది. అక్కడి అవ్వ మొదట ఆలోచించునది కోయ భాషలో. నొప్పి లోపల కోయలో పుట్టి, తెలుగులోనికి మారి, డాక్టరు చీటీపై ఇంగ్లీషులో పడునప్పటికి మిగులునది ఒక్క 'పెయిన్' అను మాట. దుమ్ముగూడెమున నివసించిన జాన్ కెయిన్ అను మతప్రచారకుడు 19వ శతాబ్దముననే భద్రాచలము తాలూకా ప్రజలను, వారి భాషను గూర్చి వ్రాసినాడు. 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశమున ఎనిమిది గిరిజన భాషలలో ప్రాథమిక విద్య ఆరంభించినప్పుడు కోయకును తెలుగు లిపిలో వాచకములు వెలువడినవి. పిల్లలకు అక్షరములు నేర్పుటకు ఆ భాష పనికివచ్చినప్పుడు అవ్వ నొప్పిని అడుగుటకు ఎందుకు పనికిరాదు? మంటకు, మెలిపెట్టుటకు, ఉబ్బరమునకు, పొత్తికడుపునకు, ముట్లుడిగినదనుటకు కోయగూడెములోని ముసలివారు ఏ మాట వాడుదురో ఆశ్రమ పాఠశాల ఉపాధ్యాయుడు తన విద్యార్థులచేతనే సేకరింపజేయవచ్చును. ముప్పది నలుబది మాటలు మించవు. ఒక అట్టపై కోయ మాట, దాని కెదురుగా తెలుగు మాట, ప్రక్కన కడుపు బొమ్మ, పెద్ద అక్షరములతో వ్రాసి ఆసుపత్రిలో చీటీలిచ్చు కిటికీ ప్రక్కన తగిలించుటకు ఒక మేకు చాలును.